స్టీరింగ్ పగుళ్లలో కాకిబంగారం

పాత జీపుకి లక్షలు పోసి రంగు వేయించేవాళ్లు నాకు తెలుసు. సీట్లకి కొత్త రెగ్జిన్, ముందు బంపర్‌కి మెరిసే పూత, అవసరం లేకపోయినా వెడల్పాటి టైర్లు. అన్నీ అయ్యాక స్టీరింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం, "అది పగిలిపోయింది కదా, పడేసి కొత్తది వేయించండి, ఎంతలే" అంటారు. నాకు చిర్రెత్తేది అక్కడే. బండి మొత్తంలో తోలినంతసేపూ మనిషి చెయ్యి వదలకుండా పట్టుకునేది అదొక్కటే. గేరు రాడ్డుని మార్చేటప్పుడే ముట్టుకుంటాం. రంగుని ఎవరూ ముట్టుకోరు, ముట్టుకుంటే ఓనరు ఊరుకోడు కూడా.

మా మేనమామ జీపు విషయంలో ఈ గొడవ ఇంట్లో మూడు నెలలు నడిచింది. ఒకవైపు నేను, ఒకవైపు చెన్నైలో ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి, మధ్యలో నెల్లూరు ఆటోనగర్ మేస్త్రీ. మామ మాత్రం ఏ పక్షమూ కాదు. "మీకేమైనా పనీపాటా లేదా?" అనేది ఆయన మాట.

జీపు 1968 మోడల్. మహీంద్రా వాళ్ల సీజే-3బి. ముందు భాగం ఎత్తుగా, గడ్డం పైకెత్తి చూస్తున్నట్టుంటుంది. గాలిని లోపలికి వదిలే వాల్వులు ఇంజిన్ తల మీదికి రావడంతో ఇంజిన్ పొడుగైంది, దానికోసం బానెట్ ఎత్తాల్సి వచ్చింది. అమెరికాలో ఈ మోడల్ 1953లో మొదలై 1968కల్లా ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి చేశారు. మామ దీన్ని 1974లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. సైదాపురం వైపు అభ్రకం గనులకి మనుషుల్ని, సామాన్లని తోలే కాంట్రాక్టు ఆయనది. గనులు పడకేసిన తర్వాత గూడూరు నిమ్మకాయల మార్కెట్‌కి బస్తాలు తోలాడు. ఇప్పుడు ఆయనకి మోకాళ్లు సహకరించవు. జీపు తోటలో రేకుల షెడ్డు కింద నాలుగేళ్లు నిలబడింది. షెడ్డుకి పడమర వైపు తడిక లేదు. సాయంత్రం ఎండంతా స్టీరింగ్ మీదే.

మేలో గూడూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. 42, 43 డిగ్రీలంటే మా వాళ్లకి వార్త కాదు. స్టీరింగ్ లోపల ఇనప చట్రం ఉంటుంది, దాని మీద గట్టి నల్లటి పోత. ఎండకి రెండూ సాగుతాయి, కానీ ఒకే లెక్కలో సాగవు. ఇనుము సాగేదానికి పోత ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది, రాత్రికి అంతే ఎక్కువ ముడుచుకుంటుంది. దానికితోడు ఏళ్లు గడిచేకొద్దీ పోతలోని సారం ఎండకి పోయి అది శాశ్వతంగా కొంత కుంచించుకుపోతుంది. లోపల ఇనుమేమో కుంచించుకోదు. చిన్నప్పటి చొక్కా పెద్దయ్యాక వేసుకుంటే ఎక్కడ చిరుగుతుందో ఇదీ అక్కడే చిరుగుతుంది, అంటే కుట్ల దగ్గర. నడిమి నుంచి అంచుకి వెళ్లే పుల్లలు చక్రానికి కలిసేచోట మాది మూడు పగుళ్లు. ఒకదాంట్లో అగ్గిపుల్ల దూరుతుంది. మామ దాని మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పురికొసతో బిగించి, ఇరవయ్యేళ్లు తోలాడు.

మా అబ్బాయి వాదం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "నాన్నా, ఈ జీపులో పెట్రోల్ ఇంజిన్ తీసేసి తాతయ్య ఎప్పుడో డీజిల్ పెట్టించాడు. అంటే ఒరిజినల్ అనేది అప్పుడే పోయింది. ఇంక స్టీరింగ్ ఒరిజినల్‌గా ఉంటే ఎంత, లేకపోతే ఎంత?" అన్నాడు. పైగా చట్టం కూడా తన పక్షమే అన్నాడు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి ఉండాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసీలో బాడీలో ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కుదిరితే నంబరులో 'వీఏ' అని రెండు అక్షరాలు వస్తాయి, పదేళ్లకి చెల్లుతుంది, మామూలు రోజువారీ తిరుగుడుకి మాత్రం వాడకూడదు. డీజిల్ ఇంజిన్ పెట్టిన మా జీపు ఆ లెక్కలో నిలవదు. ఒప్పుకున్నాను.

కానీ నా వాదన ఒరిజినల్ గురించి కాదు. ఒరిజినల్ పిచ్చి ఉన్నవాళ్లంటే నాకూ కొంచెం భయమే, ఒక్కో స్క్రూ తల మీద గీత ఎటు తిరిగి ఉందో కూడా చూస్తారు. నేనన్నది వేరు. ఇంజిన్ మార్చింది బండి నడవడానికి, స్టీరింగ్ మారుస్తామంటున్నది ఫోటో కోసం. మావాడు ఫోన్‌లో చూపించింది 14 అంగుళాల స్పోర్ట్స్ స్టీరింగ్. మాది కొలిస్తే 17. ఈ జీపుకి పవర్ స్టీరింగ్ లేదు, చక్రం వెడల్పే దాని పవరు. మూడంగుళాలు తగ్గిస్తే అదే మలుపుకి చేతులు ఐదో వంతు ఎక్కువ బలం పెట్టాలి. గూడూరు రైల్వే గేటు దగ్గర, ముందు ఆటో వెనక లారీ ఉండగా, కదలకుండా నిలబడి ఒకసారి ఆ స్టీరింగ్ తిప్పి చూడు, అప్పుడు మాట్లాడదాం అన్నాను. మావాడు మాట్లాడలేదు, నవ్వాడు.

అలా గెలిచిన ఉత్సాహంలో నేనే ఊడదీద్దామని కూర్చోవడం నా మొదటి తప్పు.

బ్యాటరీ తీగ తీశాను, అదొక్కటీ సరిగ్గా చేశాను. మధ్యలో హారన్ బొత్తాం, దాని కింద స్ప్రింగు, కప్పు తీశాక పెద్ద నట్టు కనిపిస్తుంది. నట్టు తేలిగ్గానే వదిలింది. చక్రం వదల్లేదు. కింద కాలమ్, అంటే చక్రాన్ని మోసే కడ్డీ, మీద పళ్లుంటాయి, వాటిలోకి చక్రం హబ్, అంటే నడిమి బొడ్డు, బిగుసుకుని కూర్చుంటుంది. 50 ఏళ్ల తుప్పు ఆ రెండింటినీ ఒక్కటి చేసేసింది. నేను చక్రాన్ని రెండు చేతులా పైకి లాగుతూ, తోటమాలి చేత నడిమధ్యన కడ్డీ మీద సుత్తితో కొట్టించాను. నాలుగో దెబ్బకి పోతలోంచి బొటనవేలంత పెచ్చు ఎగిరి నిమ్మచెట్ల కింద పడింది. కడ్డీ మీది మరలు పుట్టగొడుగులా విప్పారాయి. చక్రం ఒక్క వెంట్రుక కూడా కదల్లేదు.

పెచ్చుని వెతికి జేబులో వేసుకుని మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన పెచ్చు చూడలేదు, మరలు చూశాడు.

"ఎవరు సార్ కొట్టింది?"

"తోటమాలి."

"కొట్టమన్నది?"

మాట్లాడలేదు నేను.

ఆయన చెప్పింది ఏ మాన్యువల్‌లోనైనా ఉండాల్సిన మాట. పైన కొట్టిన దెబ్బ పైన ఆగదు. కాలమ్ గుండా నేరుగా కింద స్టీరింగ్ బాక్సులో గుండ్ల బేరింగుల మీద పడుతుంది. గుండ్లు తిరిగే దారిలో సొట్టలు పడతాయి. ఆ తర్వాత స్టీరింగ్ తిప్పుతుంటే గింజల మీద నడిచినట్టుంటుంది. "అసలే ఈ జీపులకి ప్లే ఎక్కువ, కొంత తిప్పేదాకా బండి తిరగదు. మీరు ఇంకాస్త ఇచ్చారు" అన్నాడు. ఆయన వాడేది చక్రాన్ని పైకి లాగే రెండు కొమ్ముల పుల్లర్. కొమ్ములు హబ్ కిందనే పట్టాలి, పుల్లల మీద పట్టిస్తే వంగిపోతాయి. నట్టుని పూర్తిగా తీసేయకుండా రెండు మరల మీద ఉంచాలి, లేకపోతే చక్రం ఒక్కసారి వదిలినప్పుడు మూతి పళ్లు రాలతాయి. ఇది ఆయన అనుభవమే అనుకుంటాను, ముందు పన్ను ఒకటి లేదు.

తుప్పుకి ఆయన మందు కిరసనాయిలు, కాస్త ఇంజిన్ ఆయిల్ కలిపింది. సాయంత్రం పోసి, పుల్లర్ బిగించి, ఇంకో అర చుట్టు బిగించి, "పదండి" అన్నాడు. గ్యాస్ మంట పెట్టమంటే వినలేదు, పోత కాలిపోతుందన్నాడు. నేను వెళ్లలేదు, జీపు పక్కనే మంచం వేయించుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి, ఎవరూ ముట్టుకోకుండానే, టక్‌మని ఒక్క శబ్దం. నట్టు వరకూ వచ్చి ఆగింది చక్రం. రాత్రంతా ఆ బిగువు తన పని తను చేసుకుపోయిందన్నమాట. సుత్తితో పని చేయించే మేస్త్రీలందరికీ ఆ శబ్దం ఒకసారి వినిపించాలనిపించింది. ఆధునిక కార్లలో అసలు ఎవరూ ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దు, స్టీరింగ్ మధ్యలో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, అది పేలితే పళ్లతో పోదు.

ఇంటికి తెచ్చి పగుళ్లు తెరవడం మొదలుపెట్టాను. ఇక్కడ అందరూ చేసే పొరపాటు పైనుంచి లప్పం పూసేయడం. పైన పూత నెల తిరక్కుండా ఊడుతుంది, ఎందుకంటే లోపల తుప్పు అలాగే ఉంటుంది. పగులుని ముందు ఇంకా పెద్దది చేయాలి. హ్యాక్సా బ్లేడుతో, తర్వాత మూడంచుల ఆకురాయితో, కింద ఇనుము కనపడేదాకా, 'వి' ఆకారంలో వెడల్పు చేయాలి. బాగుచేయడానికి ముందు ఇంకా పాడుచేయాలంటే మొదటిసారి చెయ్యి రాదు. నాకు గుత్తి వంకాయకి గాట్లు పెట్టినట్టనిపించింది.

పెద్ద పగుల్లో ఆకురాయి ఆడిస్తుంటే కాగితం మీద రాలిన పొడి మెరిసింది. ఇనప రజను అనుకున్నాను. వేలికి అంటుకున్నదాన్ని ఎండలో పెడితే పల్చటి రేకులు. కాకిబంగారం, అంటే అభ్రకం. గనుల దుమ్ము, మామ చేతులకో డ్రైవరు చేతులకో అంటుకుని, చెమటతో కలిసి, పగుల్లోకి దిగి, సైకిల్ ట్యూబు కింద భద్రంగా ఉండిపోయింది. నెల్లూరు అభ్రకం లేత ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. కరెంటు దిగకుండా ఆపే గుణం కోసం దాన్ని ప్రపంచమంతా కొన్నది. పెద్ద బేరం సోవియట్ యూనియన్‌ది. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. అప్పటికే అభ్రకానికి బదులు వేరే సరుకులు వచ్చాయి. ఆ రోజుల గురించి మామ ఎప్పుడూ చెప్పడు. "అప్పుడు బండి ఖాళీగా ఉండేది కాదు" అంటాడు, అంతే. ఆ రేకుల్ని ఊదేశాను. దాచిపెట్టి ఉంటే ఇప్పుడు ఈ వ్యాసానికి ఫోటో ఉండేది.

తుప్పు గీకి, దానికి మందు పూసి, ఆరాక అసలు సమస్య బయటపడింది. హబ్ దగ్గర ఒక పుల్ల అతుకు మీద సన్నటి గీత. మేస్త్రీకి ఫోన్ చేస్తే, "చక్రం పట్టుకొని రండి. లప్పం పెట్టొద్దు. ముందు నేను చూడాల" అన్నాడు.

నేను సెంటిమెంట్ మనిషినే. అయినా ఈ విషయంలో మేస్త్రీ మాటకి ఎదురు చెప్పలేదు. ఈ జీపులో స్టీరింగ్ కాలమ్ మడవదు, విరగదు. ముందు చక్రాల దగ్గరున్న బాక్సు నుంచి డ్రైవరు రొమ్ము దాకా ఒకటే నిటారు కడ్డీ. దాని చివర ఉన్న చక్రం మలుపులో చేతిలోకి ఊడొస్తే జ్ఞాపకాలు బ్రేకు వేయవు. చర్మం మీద ఎంత ప్రేమైనా చూపించవచ్చు, ఎముక దగ్గర మాత్రం మేస్త్రీదే మాట. పాత నట్టు కూడా ఉంచుదామన్నాను, గుర్తుగా. మరలు అరిగాయని దాన్ని నా కళ్లముందే పాత ఇనుము డబ్బాలో పారేశాడు. అక్కడ ఆయన రైటు, నేను తప్పు.

హబ్‌ని వైస్‌లో బిగించి, గీత ఉన్న పుల్ల పక్క చక్రాన్ని పట్టుకుని మేస్త్రీ తన బరువంతా వేసి వేలాడాడు. ఆయన బరువు తక్కువేం కాదు. తర్వాత తన దగ్గరి కుర్రవాణ్ణి కూడా పట్టుకోమన్నాడు. గీత పెరగలేదు, వంపు రాలేదు. ఆకురాయితో అతుకు మీద రెండుసార్లు తీస్తే గీత పోయింది. అది పైపొర తుప్పు మాత్రమే. వంగి ఉంటే దాన్ని గోడకి తగిలించి వేరే చక్రం వెతికేవాణ్ణి. కొత్త స్పోర్ట్స్‌ది కాదు, పాత సామాన్లలో ఇంకో 17 అంగుళాలది.

పూడ్చడానికి రెండు భాగాలు కలిపే గట్టి లప్పమే వాడాలి. నేను ఎం-సీల్ వాడాను, సన్న పగుళ్లకి అరల్డైట్. పగులు కన్నా కొంచెం ఉబ్బుగా పెట్టి, ఒక రోజంతా వదిలేయాలి. మేలో అయితే ఆరుపూటల పని మూడు పూటల్లో అవుతుంది, కానీ ఎండలో ఆరబెట్టకూడదు, నీడలోనే. ఎగిరిన పెచ్చుని కూడా దాని చోట దాన్ని అతికించాను. ఆ తర్వాత ఉప్పు కాగితం. 80 నంబరుతో మొదలుపెట్టి 120, 240, చివరికి నీళ్లతో 400, 600. ఈ పనికి నాకు గురువులు ఉదయగిరి చెక్క గరిటెలు చేసేవాళ్లు. ఒకసారి అక్కడ కూర్చుని చూశాను. గరిటె కాడని కంటితో చూడరు, కళ్లు ఎటో ఉంటాయి, చెయ్యి మాత్రం కాడ చుట్టూ తిరుగుతుంటుంది. కంటికి నున్నగా ఉన్న చోట కూడా వేలికి గట్టు తగులుతుంది. నేనూ కళ్లు మూసుకుని తిప్పాను. మా ఆవిడ చూసి, "జపమా?" అంది.

అలా తిప్పుతుంటే కుడివైపు పైభాగంలో బొటనవేలు ఒక గుంటలో పడింది. అరిగి అరిగి అద్దంలా అయిన చోటు. ఇది మామ బొటనవేలిది అని నా గుండె కరిగింది. దాన్ని మాత్రం పూడ్చను, అక్కడ రంగు కూడా వేయను అని మావాడితో గట్టిగా వాదించి, రంగు వేసేటప్పుడు అంటించడానికి టేపు కూడా కొనుక్కొచ్చాను. రంగుకి ముందు గూడూరు తీసుకెళ్లి మామ చేతిలో పెట్టాను. ఆయన చేతులు మామూలుగా పక్కలకి, చాలా కిందికి వెళ్లాయి.

"గుంట చూడు మామా, నీ వేలిదే."

"అదా? నేను కొన్నప్పుడే ఉండాది అది. నేను ఎప్పుడు అట్టా పట్టుకున్నా? ఆ పట్టు గని డ్రైవర్లది. పైన పట్టుకుంటే గుంతల్లో చెయ్యి బెణకదంట."

కారులో తిరిగొస్తూ మావాడు చాలా మర్యాదగా ఏమీ అనలేదు. అనాల్సింది నాకే తెలుసు. ఎవరో పేరు కూడా తెలియని డ్రైవరు వేలు, మా ఇంటివాడు కాదు, మా కథ కాదు. మామ జ్ఞాపకం అనే నా వాదనకి కాళ్లు విరిగాయి. మరి పూడ్చేయాలి కదా? రెండు రోజులు లప్పం కలుపుదామని తీయడం, మళ్లీ పెట్టేయడం. చివరికి పూడ్చలేదు. నా దగ్గర ఉన్న సమాధానం చిన్నది. మామది అనుకున్నప్పుడు దాన్ని ఉంచాలనిపించింది మామ మీద ప్రేమతో. ఎవరిదో అని తెలిశాక దాన్ని చెరపడానికి నాకు హక్కు తగ్గింది, పెరగలేదు. ఆ డ్రైవరుకి ఫోటో లేదు, గనుల్లో ఆయన పేరు ఎవరైనా రాసి ఉంటే ఆ కాగితం ఎక్కడుందో తెలియదు. మావాడికి ఈ వాదన నచ్చలేదు. "నువ్వు ముందే నిర్ణయించుకుని తర్వాత కారణం వెతుక్కున్నావు" అన్నాడు. కావచ్చు.

నల్లరంగు రెండు పూతలు పడ్డాక గుంట దగ్గర టేపు తీస్తే పాత పోత, కొంచెం గోధుమ ఛాయలో, బయటపడింది. అతుకుల బొంతలా ఉందని మేస్త్రీ తీర్పు. నాకు నచ్చింది.

బిగించే రోజు ఇంకో తప్పు బయటపడింది. విప్పేటప్పుడు కడ్డీ మీదా హబ్ మీదా ఒకే గీతలో పంచ్‌తో, అంటే మొనదేలిన ఉలితో, చుక్క కొట్టుకోవాలి. నేను మార్కర్ పెన్నుతో గీశాను. పళ్లు శుభ్రం చేసేటప్పుడు థిన్నర్ ఆ గీతని తుడిచేసింది. మేస్త్రీ తల పట్టుకుని, రెండో దారి చూపించాడు. చక్రం ఊరికే తగిలించి ఒక కొస నుంచి ఇంకో కొసకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగం దగ్గర ఆపాలి. బాక్సులో ఆ నడుమ చోటే బిగువుగా ఉండేలా చేస్తారు, నేరుగా వెళ్లేటప్పుడు ప్లే తక్కువగా ఉండాలని. ముందు చక్రాలు నేరుగా ఉన్నప్పుడు బాక్సు కూడా ఆ నడుమే ఉండాలి. ఉన్నదని చూసుకుని, మరలు లేతు దగ్గర సరిచేయించిన కడ్డీ మీద చక్రం కూర్చోబెట్టి, కొత్త వాషరు, కొత్త నట్టు వేసి బిగించాం. పైకి లాగి, కిందికి నొక్కి, పక్కలకి ఊపి చూశాం. చప్పుడు లేదు.

హారన్ మాత్రం చప్పుడు చేసింది. ఈ జీపులో హారన్ బొత్తాం నొక్కడమంటే కాలమ్ లోపలున్న ఒంటి తీగకి ఎర్త్ ఇవ్వడమే. ఆ తీగ తొడుగు ఎక్కడో చితికి, కాలమ్‌కి తగిలింది. రాత్రి తొమ్మిదిన్నరకి, మా వీధిలో, ఎవరూ నొక్కకుండా మొదలైంది. బ్యాటరీ తీగ పీకేసరికి ఎదురింటి డాబా మీద ముగ్గురు, పక్కింటి గేటు దగ్గర ఇద్దరు. తీగ మార్చడానికి మళ్లీ చక్రం తీయాల్సి వచ్చింది. ఈసారి పంచ్‌తో చుక్క కొట్టాను.

ఆ చుక్క తప్పు పన్ను మీద కొట్టాను. గూడూరు నుంచి సైదాపురం రోడ్డు మీద మామని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తుంటే తెలిసింది, జీపు నేరుగానే పోతోంది, స్టీరింగ్ మాత్రం ఒక పన్ను ఎడమకి వాలి ఉంది. బొటనవేలు గుంట కుడివైపు పైన ఉండాల్సింది నడిమి వైపు జరిగింది. మామ దారి పొడుగునా నిమ్మకాయల రేటు గురించి మాట్లాడాడు. మేస్త్రీ పుల్లర్ ఇంకా నా దగ్గరే ఉంది, ఆదివారం దాకా ఉంచుకుంటానని చెప్పాను.